సివిలైజేషన్ 6లో నగరాలు కట్టడం, నగరాలు గెలవడం: ప్రొడక్షన్ లెక్కతో సమతుల్యం సాధించే పద్ధతి

ఫిరాక్సిస్ సంస్థ తయారుచేయగా 2016 అక్టోబరులో విడుదలైన సివిలైజేషన్ 6 అనే సామ్రాజ్య నిర్మాణ కంప్యూటర్ ఆటను కొత్తగా ఆడేవారు సాధారణంగా రెండు దారుల్లో ఏదో ఒకదానిలో ఇరుక్కుపోతారు. కొందరు రాజధానిలో ఒకదాని వెంట ఒకటిగా వండర్లు (ప్రపంచ ప్రసిద్ధ కట్టడాలు) కట్టుకుంటూ పోతారు. పొరుగు రాజ్యం సరిహద్దుకు సైన్యం చేర్చే నాటికి వారి చేతిలో ఒక్క వారియర్ మాత్రమే ఉంటుంది. మరికొందరు మొదటి టర్న్ (ఆటలో ఒక వంతు) నుంచే సైన్యాన్ని పోగుచేసి, ఒక నగరం గెలిచి, రెండో నగరపు గోడల దగ్గర ఆగిపోతారు. ఈలోగా మిగతా రాజ్యాలన్నీ విజ్ఞానంలో ఒక యుగం ముందుకు వెళ్లిపోతాయి. ఈ రెండు ఓటములకూ మూలం ఒక్కటే. నిర్మాణానికీ దండయాత్రకూ ఖర్చయ్యేది ఒకే ప్రొడక్షన్ (నగరాల ఉత్పత్తి శక్తి) అన్న సంగతిని ఆటగాడు లెక్కలోకి తీసుకోడు.

యుద్ధాన్ని కూడా ఒక కట్టడంలాగే చూడాలన్నది ఈ మార్గదర్శిలోని ప్రధాన సూచన. క్యాంపస్ (విజ్ఞానం పెంచే డిస్ట్రిక్ట్, అంటే నగరంలో ఒక ప్రత్యేక విభాగం) కట్టేముందు దాని ఖర్చెంత, ఎన్ని టర్న్లలో పూర్తవుతుంది, పూర్తయ్యాక ఏమిస్తుంది అని చూసుకుంటాం కదా. యుద్ధం విషయంలోనూ అవే మూడు ప్రశ్నలు వేసుకొని, జవాబు బాగున్నప్పుడే దిగాలి. దిగిన తరువాత సామ్రాజ్యంలోని ప్రొడక్షన్ మొత్తాన్ని దానికే మళ్లించి, పని పూర్తికాగానే పూర్తిగా వెనక్కి తీసుకోవాలి. ప్రతి టర్న్‌లోనూ సగం యుద్ధానికి, సగం నిర్మాణానికి పంచడం వల్ల రెండూ ఆలస్యమవుతాయి. ఇక్కడి అంకెలన్నీ స్టాండర్డ్ వేగానికి, రైజ్ అండ్ ఫాల్, గ్యాదరింగ్ స్టార్మ్ విస్తరణలు రెండూ ఉన్న ఆటకు వర్తిస్తాయి.

మొదటి దశ: ధరలు తెలుసుకోవడం

దారులు వెతికే స్కౌట్ ధర 30 ప్రొడక్షన్, వడిసెల విసిరే స్లింగర్ 35, పదాతి సైనికుడైన వారియర్ 40, పొలాలూ గనులూ ఏర్పరిచే బిల్డర్ 50, మాన్యుమెంట్ అనే కట్టడం 60, విలుకాడైన ఆర్చర్ 60. కొత్త నగరాన్ని స్థాపించే సెట్లర్ 80తో మొదలై, ఒక్కొక్కటి తయారైనకొద్దీ ఖరీదు పెరుగుతూ పోతుంది. పైగా తయారుచేసిన నగరంలో జనాభా ఒకటి తగ్గుతుంది. ఈ చివరి విషయాన్ని చాలామంది పట్టించుకోరు. జనాభా 2 ఉన్న నగరంలో సెట్లర్‌ను తీస్తే ఆ నగరం మళ్లీ 1కి పడిపోయి, పండించే టైల్ (మ్యాపులోని గడి) ఒకటి కోల్పోతుంది.

ఇప్పుడు ఒక చిన్న సైన్యం ధర చూద్దాం. నాలుగు స్లింగర్లకు 140. ఆటతోపాటు ఉచితంగా వచ్చిన వారియర్‌కు తోడుగా మరో వారియర్‌కు 40. మొత్తం 180, అంటే ఇంచుమించు రెండు సెట్లర్ల ఖరీదు. స్లింగర్లను గోల్డ్‌తో ఆర్చర్లుగా మార్చుకోవచ్చు కాబట్టి, నేరుగా ఆర్చర్లను తయారుచేయడం కంటే ప్రొడక్షన్ చాలా ఆదా అవుతుంది. ఆర్చరీ టెక్నాలజీకి యురేకా దొరకాలంటే ఒక స్లింగర్‌తో ఏదైనా శత్రు యూనిట్‌ను చంపాలి. యురేకా వల్ల ఆ టెక్నాలజీ ఖర్చులో 40 శాతం తగ్గుతుంది. దగ్గర్లో తిరిగే బార్బేరియన్‌ను (ఏ రాజ్యానికీ చెందని శత్రువును) వారియర్‌తో సగం దెబ్బతీసి, ఆఖరి దెబ్బను స్లింగర్‌కు వదిలిపెట్టడం ఇందుకోసమే.

రెండు సెట్లర్ల ఖరీదుతో రెండు కొత్త నగరాలు వస్తాయి, కానీ రెండూ జనాభా 1తో, ఖాళీ నేల మీద మొదలవుతాయి. అదే ఖరీదుతో కూడిన సైన్యం పొరుగువారి నగరాన్ని పట్టుకుంటే, కొంత జనాభా, సాగులో ఉన్న టైళ్లు, ఒక్కోసారి ఒక డిస్ట్రిక్ట్ కూడా కలిసివస్తాయి. సైన్యం కూడా మిగులుతుంది. అయితే ఈ రెండో లెక్క నిజం కావడానికి రెండు షరతులున్నాయి. పొరుగు నగరం దగ్గరగా ఉండాలి, దానికి గోడలు లేకుండా ఉండాలి. ఈ రెండింటిలో ఏది లేకపోయినా సెట్లరే మేలు.

రెండో దశ: తొలి 40 టర్న్లు

మొదట స్కౌట్, తరువాత స్లింగర్, ఆ వెంటనే సెట్లర్ అనే వరుస చాలా మ్యాపుల్లో పనికొస్తుంది. స్కౌట్‌ను ముందు తీయడానికి కారణం, యుద్ధమా నిర్మాణమా అన్న నిర్ణయానికి కావలసిన సమాచారం దానివల్లే దొరకడం. పొరుగు రాజధాని ఎన్ని టైళ్ల దూరంలో ఉంది, మధ్యలో కొండలూ నదులూ ఏమున్నాయి, ఖాళీ నేల ఎంత మిగిలింది అన్నవి 20వ టర్న్‌కల్లా తెలిసి ఉండాలి. రాజధాని నుంచి పది టైళ్లలోపు మరో రాజధాని కనిపించి, మీకు నాలుగో నగరానికి చోటు లేదనిపిస్తే యుద్ధానికి సిద్ధపడండి. నాలుగు దిక్కులా మంచి నేల ఉంటే సెట్లర్లకే ప్రాధాన్యమివ్వండి. అప్పుడు కూడా రెండు మూడు ఆర్చర్లు లేకుండా ఉండకూడదు.

బార్బేరియన్ స్కౌట్ మీ నగరాన్ని చూసి తన శిబిరానికి తిరిగి వెళ్లిందంటే ఆ శిబిరం నుంచి దాడులు మొదలవుతాయి. కాబట్టి ఆ స్కౌట్ తిరిగి చేరుకోకముందే దాన్ని చంపడం, కుదరకపోతే శిబిరాన్నే తుడిచిపెట్టడం అవసరం. దీన్ని కేవలం రక్షణ పనిగా చూడకండి. శిబిరం తొలగిస్తే గోల్డ్ వస్తుంది, మిలిటరీ ట్రెడిషన్ సివిక్‌కు (సివిక్ అంటే టెక్నాలజీ లాంటి సాంస్కృతిక పురోగతి) ఇన్‌స్పిరేషన్, అంటే యురేకా లాంటి తగ్గింపు, దొరుకుతుంది. ముగ్గురు బార్బేరియన్లను చంపితే బ్రాంజ్ వర్కింగ్‌కు యురేకా దొరుకుతుంది. అంటే సైన్యం మీద పెట్టిన ఖర్చు యుద్ధానికి ముందే కొంత తిరిగి వస్తుంది.

ప్రభుత్వ విధానాలను ఎంచుకునే పాలసీ కార్డుల విషయంలో మొదటి ప్రభుత్వమైన చీఫ్‌డమ్‌కు ఒక సైనిక స్థానం, ఒక ఆర్థిక స్థానం ఉంటాయి. క్రాఫ్ట్స్‌మన్‌షిప్‌తో వచ్చే అగోగే కార్డు తొలి యుగాల పదాతి, విల్లు యూనిట్లకు 50 శాతం అదనపు ప్రొడక్షన్ ఇస్తుంది. ఎర్లీ ఎంపైర్‌తో వచ్చే కలొనైజేషన్ కార్డు సెట్లర్లకు అంతే ఇస్తుంది. ఒకటి సైనిక స్థానంలో, ఒకటి ఆర్థిక స్థానంలో కూర్చుంటాయి కాబట్టి రెండూ కలిసి నడవగలవు. కానీ నగరం ఒక సమయంలో ఒక్కదాన్నే తయారుచేస్తుంది. అందుచేత అగోగే పెట్టిన కొద్ది టర్న్లలో కావలసిన సైన్యాన్నంతా వరుసగా తీసేయండి, ఆ తరువాత కలొనైజేషన్ నీడలో సెట్లర్లను వరుసగా తీయండి. సివిక్ పూర్తయిన ప్రతిసారీ కార్డులను ఉచితంగా మార్చుకోవచ్చు. మిగతా సమయాల్లో మార్చితే గోల్డ్ ఖర్చవుతుంది.

మూడో దశ: అదను ఎప్పుడో గుర్తించడం

ఈ ఆటలో యుద్ధ ఫలితాన్ని యూనిట్ల సంఖ్య కంటే బలంలోని తేడా ఎక్కువగా నిర్ణయిస్తుంది. సమాన బలమున్న రెండు యూనిట్లు తలపడితే, అదృష్టం వల్ల కొంత అటూ ఇటూ అయినా, ఒక్కొక్కటి సుమారు 30 దెబ్బ తింటాయి. మీ బలం 10 ఎక్కువైతే మీరు కొట్టేది 45, తినేది 20 వరకూ ఉంటుంది. తేడా 20 అయితే 67కు 13. తేడా 30 చేరితే పూర్తి ఆరోగ్యంతో ఉన్న 100 పాయింట్ల యూనిట్ కూడా ఒకే దెబ్బకు కూలిపోవచ్చు. గాయపడిన యూనిట్ బలం కూడా తగ్గుతుంది కాబట్టి మొదటి దెబ్బ ఎవరిదన్నది కూడా ముఖ్యమే.

వారియర్ బలం 20. హార్స్‌మన్ బలం 36, స్వోర్డ్స్‌మన్ బలం 35. వారియర్లతో కాచుకున్న రాజ్యం మీదికి మీరు ముందుగా స్వోర్డ్స్‌మన్లను తీసుకువెళ్తే తేడా 15. అదే రాజ్యం కూడా స్వోర్డ్స్‌మన్లను తయారుచేసుకున్న పది టర్న్ల తరువాత వెళ్తే తేడా సున్నా. సైన్యం అదే, ఖర్చు అదే, ఫలితం మాత్రం పూర్తిగా వేరు. అదను అంటే ఈ పది పదిహేను టర్న్ల వ్యవధి. ఆట మొత్తంలో ఇలాంటి వ్యవధులు ఆరుకు మించి రావు, వాటి మధ్య కాలమంతా నిర్మాణానిదే.

మొదటి అదను ఆర్చర్లది. పొరుగువారు గోడలు కట్టకముందు, సాధారణంగా 45వ టర్న్‌కు ముందే ముగుస్తుంది. రెండోది హార్స్‌మన్లది, లేదా స్వోర్డ్స్‌మన్లకు బ్యాటరింగ్ ర్యామ్ (గోడలు బద్దలుకొట్టే యంత్రం) తోడైనప్పటిది. ఆ తరువాత క్రాస్‌బోమన్లు, నైట్లు. ఇంకా తరువాత బంబార్డ్‌లు (గోడలు కూల్చే ఫిరంగులు). ఆపైన అబ్జర్వేషన్ బెలూన్ తోడైన ఆర్టిలరీ. చివరగా బాంబర్ విమానాలు. అన్ని అదనులనూ వాడుకోనక్కర్లేదు. ఒక ఆటలో రెండు వాడుకుంటే చాలా సందర్భాల్లో గెలుపుకు సరిపోతుంది.

కఠినత్వ స్థాయిని కూడా లెక్కలో కలపాలి. ప్రిన్స్ (మధ్యస్థ) స్థాయిలో కంప్యూటర్ రాజ్యాలకు అదనపు పోరాట బలం లేదు. డీటీ (అత్యంత కఠినమైన) స్థాయిలో వాటి ప్రతి యూనిట్‌కూ 4 అదనపు బలం ఉంటుంది, మూడేసి సెట్లర్లతో మొదలవుతాయి. అందుకని డీటీలో తొలి అదనును వదిలేసి రెండోదాని కోసం ఆగడం తప్పేమీ కాదు. అయితే అక్కడ పొరుగువారి దాడి తప్పక వస్తుందని భావించి, గోడలూ ఆర్చర్లూ ముందే సిద్ధం చేసుకోవాలి.

భారత నాగరికతను ఎంచుకునేవారికి ఇక్కడ ఒక మంచి సౌలభ్యం ఉంది. 2018లో రైజ్ అండ్ ఫాల్‌తో వచ్చిన చంద్రగుప్తుడికి మిలిటరీ ట్రైనింగ్ సివిక్ తరువాత భూవిస్తరణ యుద్ధం ప్రకటించే హక్కు వస్తుంది. ఆ యుద్ధం ప్రకటించిన మొదటి 10 టర్న్లలో యూనిట్లకు 2 అదనపు కదలిక, 5 అదనపు బలం ఉంటాయి. పక్కనున్న శత్రువుల బలాన్ని 5 తగ్గించే వరు ఏనుగులు కూడా తోడైతే తేడా 10 దాకా పెరుగుతుంది. యుద్ధానికి గడువు పెట్టుకొని ఆడే అలవాటు చేసుకోవడానికి ఇంతకంటే తగిన నాయకుడు కనిపించడు, ఎందుకంటే ఆ గడువును ఆటే నిర్ణయించి ఇస్తుంది.

నాలుగో దశ: యుద్ధానికి ముందు నిర్మాణాన్ని భద్రపరచడం

ఇది చాలామందికి తెలియని, కానీ ఈ సమతుల్యానికి అసలైన కీలకం. డిస్ట్రిక్ట్ ధర మీ టెక్నాలజీలు, సివిక్‌లు పెరిగేకొద్దీ పెరుగుతుంది. కానీ ఒకసారి టైల్ మీద పునాది వేశాక ఆ ధర అక్కడితో స్థిరపడుతుంది. సగంలో ఆపి వేరే పనికి మారినా అప్పటివరకు పెట్టిన ప్రొడక్షన్ పోదు. కాబట్టి సైన్యం తయారీ మొదలుపెట్టేముందు ప్రతి నగరంలోనూ జనాభా అనుమతించిన మేరకు డిస్ట్రిక్ట్‌లకు పునాదులు వేసేయండి. జనాభా 1కి మొదటి డిస్ట్రిక్ట్, 4కు రెండోది, 7కు మూడోది అనుమతి వస్తుంది. యుద్ధం ముగించి 30 టర్న్ల తరువాత తిరిగి వచ్చినా పాత ధరకే పూర్తిచేసుకోవచ్చు. క్యాంపస్‌ను పర్వతాల పక్కన, కమర్షియల్ హబ్‌ను నది ఒడ్డున పెట్టాలన్న మామూలు నియమాలు ఇక్కడా వర్తిస్తాయి.

గోల్డ్ ఆదాయాన్ని కూడా ముందే చూసుకోవాలి. ఆర్చర్‌కు టర్న్‌కు 1, స్వోర్డ్స్‌మన్‌కు 2 చొప్పున పోషణ ఖర్చు పడుతుంది. టర్న్‌కు కనీసం 8 లేదా 10 గోల్డ్ మిగులు లేకుండా దండయాత్రకు బయలుదేరితే, అప్‌గ్రేడ్ చేయవలసిన సమయానికి ఖజానా ఖాళీగా ఉంటుంది. ఇక మీ లక్ష్యమైన రాజ్యంతో నడుస్తున్న వాణిజ్య మార్గాలు యుద్ధం ప్రకటించగానే తెగిపోతాయి కనుక వాటిని ముందే వేరే వైపు మళ్లించండి. ఆ రాజ్యాన్ని సుజరెయిన్‌గా (పోషక రాజ్యంగా) అంగీకరించిన సిటీ-స్టేట్లు (ఒకే నగరమున్న చిన్న రాజ్యాలు) కూడా మీ మీద యుద్ధానికి వస్తాయని మరచిపోవద్దు.

వీలైతే ఆకస్మిక యుద్ధం చేయకండి. ముందుగా ఆ రాజ్యాన్ని బహిరంగంగా నిందించి, 5 టర్న్లు ఆగి ఫార్మల్ వార్ ప్రకటిస్తే గ్రీవెన్స్‌లు (మీ మీద ఇతర రాజ్యాల ఫిర్యాదులు) తక్కువ పడతాయి. ఆ 5 టర్న్లు సైన్యాన్ని సరిహద్దుకు చేర్చడానికి ఎలాగూ కావలసినవే.

ఐదో దశ: ముట్టడి

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. మైదానంలో, చుట్టూ నది లేని ఒక నగరం ఉంది. మీ దగ్గర నాలుగు ఆర్చర్లు, రెండు వారియర్లు ఉన్నారు. నగర కేంద్రానికి 200 ఆరోగ్య పాయింట్లు. ముట్టడి పూర్తికాకపోతే ప్రతి టర్న్‌కూ 20 తిరిగి కోలుకుంటుంది. ఆ కోలుకోవడాన్ని ఆపాలంటే నగరం చుట్టూ ఉన్న ఆరు టైళ్లూ మీ యూనిట్ల అధీనంలోనో, వాటి జోన్ ఆఫ్ కంట్రోల్‌లోనో (పక్క టైళ్ల మీద యూనిట్‌కుండే అదుపులోనో) ఉండాలి. పదాతి యూనిట్ తన చుట్టూ ఉన్న టైళ్లన్నింటినీ జోన్‌లోకి తెస్తుంది. ఆర్చర్లకు ఆ శక్తి లేదు. కాబట్టి ఒక వారియర్‌ను నగరానికి తూర్పున, మరొకరిని సరిగ్గా ఎదురుగా పడమట నిలిపితే, ఆ ఇద్దరి మధ్య మిగిలిన నాలుగు టైళ్లూ కలిసి మొత్తం ఆరూ మీవవుతాయి. మధ్యలో నది ఉంటే జోన్ నదిని దాటదు, అప్పుడు మూడో పదాతి యూనిట్ కావాలి.

ఆర్చర్లను రెండు టైళ్ల దూరంలో, వీలైతే కొండల మీద నిలపండి. మొదట నగరం మీద కొట్టకండి. బయట ఉన్న శత్రు యూనిట్లను చంపడానికే వారిని వాడండి. విల్లు యూనిట్ నగరాన్ని కొట్టినప్పుడు దాని బలం 17 తగ్గించి లెక్కిస్తారు కాబట్టి, 25 బలమున్న ఆర్చర్ శత్రు వారియర్ మీద చాలా ఎక్కువ పనిచేస్తుంది. బయటి సైన్యం తుడిచిపెట్టుకుపోయాక నలుగురూ కలిసి నగరం మీదికి తిరిగితే, కోలుకోవడం ఆగిపోయిన నగరం కొద్ది టర్న్లలో సున్నాకు దగ్గరపడుతుంది. నగరంలోకి అడుగుపెట్టగలిగేది పదాతి లేదా అశ్వికులే. అందువల్ల వారియర్లలో ఒకరినైనా ఆరోగ్యంగా మిగుల్చుకోవాలి. శత్రువు పొలాన్ని దోచుకుంటే ఆ యూనిట్‌కు 50 ఆరోగ్యం తిరిగి వస్తుంది. గాయపడిన వారియర్‌ను వెనక్కి పంపే బదులు పక్క పొలం మీదికి పంపడం మంచిది.

గోడలుంటే ఈ ఉదాహరణ పనిచేయదు. గోడల మీద పదాతి దెబ్బ చాలా స్వల్పంగా పడుతుంది, పైగా నగరమే టర్న్‌కొకసారి బాణాలు వేస్తుంది. మేసన్రీతో వచ్చే బ్యాటరింగ్ ర్యామ్‌ను నగరం పక్క టైల్‌లో పదాతి యూనిట్‌తో కలిపి నిలిపితే, ప్రాచీన గోడల మీద పదాతి దెబ్బ పూర్తిగా పడుతుంది. ర్యామ్ ఒక్కటి చాలు. దాన్ని మోస్తున్న టైల్‌లోని యూనిట్ చనిపోతే ర్యామ్ పోతుంది కాబట్టి, అక్కడ అత్యంత బలమైన యూనిట్‌నే ఉంచండి.

ఆరో దశ: గెలిచిన నగరాన్ని నిలబెట్టడం

నగరం చేతికి రావడంతో పని పూర్తికాదు. రైజ్ అండ్ ఫాల్ నుంచి ప్రతి నగరానికీ లాయల్టీ (తన రాజ్యం పట్ల విధేయత) ఉంది. 9 టైళ్లలోపు ఉన్న నగరాల జనాభా దాన్ని తమ వైపు లాగుతుంది. శత్రు రాజధానికి ఆనుకొని ఉన్న చిన్న నగరాన్ని ఒక్కదాన్నే పట్టుకొని ఆగితే, అది కొద్ది టర్న్లలోనే తిరగబడే అవకాశం ఎక్కువ. అందుకే యుద్ధాన్ని ఒక నగరంగా కాకుండా, పక్కపక్కనే ఉన్న రెండు మూడు నగరాల గుంపుగా ప్రణాళిక వేయాలి. అందులో రాజధాని ఉంటే మరీ మంచిది. గెలిచిన నగరంలో గవర్నర్‌ను స్థాపిస్తే టర్న్‌కు 8 లాయల్టీ వస్తుంది. మిగతా గవర్నర్లు కుదురుకోవడానికి 5 టర్న్లు తీసుకుంటే విక్టర్‌కు 3 చాలు, కాబట్టి యుద్ధ కాలంలో అతనే తగినవాడు. మాన్యుమెంట్ మరో 1 లాయల్టీ ఇస్తుంది.

అమెనిటీల (ప్రజల సంతృప్తికి కావలసిన సౌకర్యాల) లెక్క కూడా మారుతుంది. ఒక లగ్జరీ వనరు నాలుగు నగరాలకే అమెనిటీ ఇస్తుంది. నాలుగు నగరాలతో ప్రశాంతంగా ఉన్న సామ్రాజ్యం ఏడు నగరాలు కాగానే అసంతృప్తిలో పడుతుంది. దానికి పరాయి నేల మీద పోరాటం వల్ల పెరిగే యుద్ధ విసుగు తోడవుతుంది. ఏ నగరాన్ని ముందు పట్టాలన్న సందేహం వచ్చినప్పుడు, మీ దగ్గర లేని లగ్జరీ వనరు ఉన్న నగరాన్నే ఎంచుకోండి.

ప్రతి నగరాన్నీ ఉంచుకోవాలన్న నియమం లేదు. మంచినీరు లేని, కొండలు లేని, మీ నగరాల మధ్య ఇరుకున ఉన్న చోటైతే కూల్చివేయడం సమంజసమే, రాజధానులను మాత్రం కూల్చలేరు. అయితే కూల్చివేత గ్రీవెన్స్‌లను బాగా పెంచుతుంది.

ఏడో దశ: ఆపడం

ఆటగాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మూడు నగరాలు గెలిచిన ఊపులో నాలుగోదాని మీదికి వెళ్లాలనిపిస్తుంది. అప్పుడు మూడు విషయాలు చూడండి. మీ యూనిట్లకూ వారి యూనిట్లకూ బలంలో తేడా ఇంకా 10 ఉందా? తరువాతి నగరం గోడలకు తగిన ఆయుధం మీ దగ్గర ఉందా? మీ పాత నగరాల్లో పునాదులతో ఆగిపోయిన డిస్ట్రిక్ట్‌లు ఎన్ని టర్న్లుగా ఎదురుచూస్తున్నాయి? మొదటి రెండింటిలో ఒక్కదానికి లేదన్న జవాబు వచ్చినా శాంతి వైపు చూడండి. యుద్ధం మొదలైన 10 టర్న్ల వరకు సంధి కుదరదు, కుదిరాక 10 టర్న్లు మళ్లీ యుద్ధం ప్రకటించలేరు. ఓడిపోతున్న కంప్యూటర్ రాజ్యం సంధిలో గోల్డ్, వనరులు, అప్పుడప్పుడు ఒక నగరం కూడా ఇవ్వడానికి ఒప్పుకుంటుంది. అందుకే దాని చివరి యూనిట్‌ను చంపిన టర్న్‌లోనే బేరం మొదలుపెట్టడం లాభం. మీరు ఆక్రమించిన నగరాలను ఆ సంధిలో లాంఛనంగా వదులుకునేలా అడగడం మరచిపోవద్దు.

సంధి కుదిరిన టర్న్‌లోనే పాలసీ కార్డులను మార్చండి. సైనిక ఉత్పత్తి కార్డు తీసివేసి, ఫ్యూడలిజం వచ్చి ఉంటే బిల్డర్లకు 2 అదనపు పనులిచ్చే సర్ఫ్‌డమ్ పెట్టండి. దెబ్బతిన్న డిస్ట్రిక్ట్‌ల మరమ్మతు, ఆ తరువాత ఆగిపోయిన క్యాంపస్‌లు, కమర్షియల్ హబ్‌లు, ఇదీ వరుస. సైన్యాన్ని రద్దు చేయకండి. అనుభవం సంపాదించిన ఆర్చర్లే క్రాస్‌బోమన్లుగా మారి తరువాతి అదనుకు పనికొస్తారు. మర్సినరీస్ సివిక్‌తో వచ్చే ప్రొఫెషనల్ ఆర్మీ కార్డు అప్‌గ్రేడ్ ఖర్చును సగానికి తగ్గిస్తుంది. అంతవరకు వారిని సరిహద్దు నగరాల్లో కాపలాగా ఉంచి, గోల్డ్ కూడబెట్టండి.

వందో టర్న్ నాటికి, గెలిచినవీ కట్టినవీ కలిపి ఎనిమిది నుంచి పది నగరాలు, వాటిలో సగంలోనైనా పూర్తయిన క్యాంపస్ ఉంటే మీ ఆట సరైన దారిలో ఉన్నట్టే. డామినేషన్ విజయానికి మిగతా రాజ్యాల తొలి రాజధానులన్నీ కావాలి. చిన్న మ్యాపులో అది చేరువలోనే ఉంటుంది. సముద్రాలు దాటవలసిన పెద్ద మ్యాపులో మాత్రం, ఇప్పటికే ఉన్న పది నగరాలతో విజ్ఞాన విజయానికి వెళ్లడం చాలాసార్లు తక్కువ టర్న్లలో ముగుస్తుంది. ఆ నిర్ణయాన్ని బంబార్డ్‌ల అదను రాకముందే తీసుకోండి, ఎందుకంటే ఇండస్ట్రియల్ జోన్లు ఎక్కడ పెట్టాలి, బంబార్డ్‌లకు కావలసిన నైటర్ గనులకు ఎంత ప్రాధాన్యమివ్వాలి అన్న ప్రశ్నలకు జవాబు దానిమీదే ఆధారపడి ఉంటుంది.